చెవిలో చెప్పే బేరం

లూసేనా ఊళ్లో చేపల రేవు పక్క ఇల్లు. టాన్సిల్స్ తీయించుకుని వచ్చిన చేపల వర్తకుడు ఇస్కో మంచమ్మీద ఉన్నాడు. పక్కన భార్య లూడింగ్. చూడవచ్చిన నర్సు ఫెలీసా.

"ఒక్క మాత్రా మింగలేదా, ఇస్కో?"

"లేదు నర్సమ్మా! దిండు కింద దాచాడు. పక్క దులుపుతుంటే జలజలా రాలాయి."

"నువ్వూరుకోవే లూడింగ్..."

"ఊరుకోను. జావ వద్దు, నీళ్లొద్దు, ఉమ్మి మింగాలన్నా ఏడుపు మొహం. ఐస్‌క్రీం అయితే మాత్రం..."

"అది చల్లగా ఉంటుంది మరి."

"మాత్రలెందుకు మానేశావయ్యా?"

"నెత్తురు పలచనవుతుందట. గొంతులోంచి కారిపోతుందట."

"ఆ భయం మాకూ ఉండేది. నీలా టాన్సిల్స్ తీయించుకున్న పెద్దవాళ్లకిచ్చి చూశారు. డాక్టరు రాసిన ఐబుప్రొఫెన్ రాసినంతే వేసుకుంటే నెత్తురు కారడం ఎక్కువైనట్టు తేలలేదు. నీకు కడుపులో పుండూ, కిడ్నీ జబ్బూ లేవని అడిగే రాశారు. కొట్లో విడిగా అమ్మే ఆస్పిరిన్ మాత్రం ముట్టుకోకు. నెత్తురు కనబడిందా, ఆసుపత్రికి పరుగెత్తు."

"చూశావా! కనబడితే అంటోంది!"

"మాత్ర మింగినా మానినా కనబడొచ్చయ్యా, కోసిన గొంతు కదా. నొప్పికి జడిసి నీళ్లు మానేసి ఎండబెట్టుకుంటే ఇంకా చేటు."

"రేపు రేవుకి వెళ్లొచ్చా అమ్మా ఈయన? పెద్ద ట్యూనా పడవ వస్తోంది. అది తప్పితే ఈ ఏటికి మా పని అంతే."

"బరువులెత్తకూడదు. అరవకూడదు."

"మా బేరంలో అరుపులెక్కడివి? దళారి చెవిలో ఎవరి ధర వాళ్లు గుసగుసగా చెప్పడమేగా, ఎక్కువ చెప్పినవాడిదే సరుకు. ఈయనకి ఆ గుసగుసా పెగలట్లేదు."

"నన్నొదిలెయ్యండి. ప్రాణం ఉంటేగా చేపలు!"

"ఇంతకీ నెత్తురు కారుతుందని ఎవరు చెప్పారు?"

"తాస్యో. మా పిల్లకి బాప్తిస్మమప్పుడు జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. పాపం, చేతులు పట్టుకుని కన్నీళ్లు పెట్టుకున్నాడు. మాత్రలు వద్దన్నాడు, కదలొద్దన్నాడు."

"మంచివాడే. ఏం చేస్తుంటాడు?"

"నాలాగే. చేపలు కొంటాడు."

"ఈ రేవులోనేనా?"

"ఆఁ. బేరంలో ఎప్పుడూ నా తర్వాతి ధర అతనిదే."

"మరి రేపు నువ్వు వెళ్లకపోతే ఆ పడవ సరుకు ఎవరిదవుతుంది?"

"లూడింగ్, జావ తే. మాత్ర కూడా తే. తాస్యో వస్తే మాత్రం, 'మా ఆయనకి మాటే రావట్లేదు' అని చెప్పు."