కరెంటు పోని రోజు

పుట్టి వారం తిరగని పాప ఆసుపత్రిలో ఉంది, తండ్రి దగ్గర. కుట్లు ఆరని తల్లి ఇంట్లో మంచం మీదే ఉంది. పాపను ఆమె ఫోనులో చూపించే నెట్టు ముందుగదిలోని మరిది పాత లినక్సు కంప్యూటరులోకి వచ్చి, అక్కణ్ణుంచే ఇల్లంతటికీ పంపకమవుతుంది.

“మళ్ళీ ఆ చక్రమే తిరుగుతోంది మరిదీ. పాప కనబడట్లేదు.”

“చూస్తున్నా వదినా.”

“ఇందాకట్నుంచీ చూస్తూనే ఉన్నావు. రౌటరెందుకు దండగ, నా లినక్సు డబ్బా ఉండగా అన్నావు. ఏమైంది దానికి?”

“దానికేం కాలేదు. లైను బయటే పోయింది.”

“బయట పోతే నీ కంప్యూటరులో టింగు టింగుమని మెసేజులెలా వస్తున్నాయి?”

“అవా... అవి పాతవి.”

“పాతవి ఇప్పుడు మోగుతాయా?”

“మీరు లేవకండి వదినా. కుట్లు లాగుతాయి.”

“కుట్ల సంగతి తర్వాత. కరెంటు పోయొచ్చినప్పుడల్లా ఆ డబ్బాలో సున్నా పడుతుందనీ, ఒకటి కొడితే గానీ నెట్టు ఇవతలికి వదలదనీ నువ్వే కదా నేర్పావు. కొట్టావా?”

“కొట్టాను.”

“అసలివాళ కరెంటే పోలేదుగా.”

“అంటే... వైరు అయ్యుంటుంది. మేడ మీద చూసొస్తా.”

“త్వరగా రా. పాప చేతికి నరం దొరకడం లేదు, తలకి సూది పెడతామన్నారట. ఆ వేళకి నేను దాన్ని చూస్తూ ఉండకపోతే నా ప్రాణం నిలవదు.”

“అందుకే కదా... ఏం లేదు. వస్తా.”

* * *

“దిగొచ్చావా? ఏమంటోంది వైరు?”

“ఎలుక కొరికింది వదినా.”

“మేడ మీద ఎలుకా. నెట్టు కోసం అన్ని మెట్లూ ఎక్కిందా పాపం.”

“నవ్వకండి. కుట్లు.”

“ఎన్నిసార్లంటావయ్యా కుట్లు కుట్లని. ఇటు చూసి చెప్పు. సున్నా పెట్టింది నువ్వా?”

“నేనెందుకు పెడతాను?”

“మరెవరు, ఎలుకా?”

“...అన్నయ్య ఫోన్ చేశాడు వదినా. సూది పెట్టేదాకా ఆపెయ్యమన్నాడు. చూస్తే మీరు తట్టుకోలేరని. ఒట్టు, నాకిష్టం లేదు.”

“కంప్యూటరు తెర తెరిచే వదిలిపోయావు. నువ్వు మేడెక్కగానే గోడ పట్టుకుని వచ్చి ఒకటి కొట్టాను.”

“అమ్మో. చూసేశారా?”

“చూశాను.”

“సూది కూడానా?”

“సూది కూడా. దిగేటప్పుడు ఒక్కసారి మూతి ముడిచింది, అంతే. మళ్ళీ నిద్రపోయింది నా తల్లి.”

“మరి మీ కళ్ళేంటి అలా ఉన్నాయి?”

“ఫోనుని గోడకి ఆనించి వదిలేశారు మీ అన్నయ్య, నెట్టు లేదుగా అని. మోకాళ్ళలో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. నేను చూశానని తెలియనివ్వలేదు. మెల్లిగా ఫోను కట్టేశాను.”

“అన్నయ్యా? మా అన్నయ్యా?”

“నీ ఫోను మోగుతోంది, ఎవరది?”

“అన్నయ్యే. ఏం చెప్పమంటారు వదినా?”

“నెట్టు ఇంకా రాలేదని చెప్పు.”