మరో గ్రహానికి మన మలినం అంటనివ్వని శుభ్రమ్మగారు

పందొమ్మిది వందల తొంభై రెండు, జూన్ పదిహేనవ తేదీన సూక్ష్మజీవ శాస్త్రవేత్తగా మన పరిశోధన కేంద్రంలో అడుగుపెట్టిన శుభ్రమ్మగారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరైనా, మనందరి నోటా స్థిరపడింది ఈ పేరే. అన్యగ్రహాలపై జీవాన్వేషణకు వెళ్లే నౌకల మీద భూమికి చెందిన సూక్ష్మజీవి ఒక్కటీ మిగలకుండా చూడడం వారి విధి. ఆ విధి వారిని ఏనాడూ కుదురుగా కూర్చోనివ్వలేదు.

తొలి సంవత్సరాలలో నౌకాభాగాలను తుడిచి నమూనాలు సేకరించిన వారే, అనంతరకాలంలో శుద్ధి విభాగానికి అధిపతి అయ్యారు. ముసుగు వేసుకుంటే కళ్లు మాత్రమే కనిపించేవి. వాటిలోని కంగారు చూసి కొత్తవారు బెదిరిపోయేవారు. “మా ఆవిడ నన్ను గుమ్మంలోనే ఆపి చేతులు చూపించమంటుందండీ!” అని వారి భర్త నవ్వుతూనే వాపోయేవారు.

పొరుగు గ్రహానికి నౌక సిద్ధమైన వేళ, మట్టిని తవ్వే మర మీద తీసిన నమూనాలో తెల్లని చుక్క మొలిచింది; అంటే సూక్ష్మజీవి ఇంకా మిగిలే ఉంది.

“ఇంత చుక్కకి అంతా విప్పమంటారా? గడువు దాటితే ఆ గ్రహం మళ్లీ దగ్గరయ్యేదాకా రెండేళ్లు ఆగాలి!” అని సంచాలకులు మండిపడ్డారు.

“రేపు అక్కడ ప్రాణం కనబడితే, అది అక్కడిదో మనం మోసుకెళ్లిందో ఎవరు చెప్తారు సార్? విప్పించండి.”

శుభ్రమ్మగారు ఆ మాట మీదే నిలబడ్డారు. మరను విప్పి, వేడిలో శుద్ధిచేసి, తిరిగి బిగించేసరికి గడువు ముంచుకొచ్చింది. ఈలోగా తోటివారు పలకరింపులు మానేశారు; శుభ్రమ్మగారికి అన్నం సయించలేదు. నౌక గడువు చివరిరోజున ఎగిరింది.

అది గమ్యం చేరి, అక్కడి మట్టిలో పోషకద్రవం వేయగానే వాయువు వెలువడింది. జీవలక్షణమే! మన నియంత్రణ మందిరం చప్పట్లతో దద్దరిల్లింది. శుభ్రమ్మగారు మాత్రం పాలిపోయి కూలబడ్డారు. “మన దగ్గర్నించి వెళ్లిందేమోనండీ... నా కళ్లు గప్పిందేమో!”

కొన్ని వారాలు ఆ భయంతోనే గడిచాయి. చివరకు, నౌకలోనే ఏ ప్రాణీ బతకనంతగా కాల్చిన మట్టి కూడా అదే వాయువునిచ్చింది. అది మట్టిలోని రసాయనచర్యే. ప్రాణం అక్కడిదీ కాదు, ఇక్కడిదీ కాదు. అందరూ ఉసూరుమంటుండగా శుభ్రమ్మగారు వెక్కివెక్కి ఏడ్చారు.

“సంతోషమా, బాధా అమ్మా?” అని సంచాలకులు అడిగారు.

“రెండూనండీ. అక్కడ ప్రాణం ఉంటుందనే కదా ఇన్నేళ్ల ఈ పాట్లు!”

ఆనాడు మండిపడిన ఆ పెద్దమనిషే, తదుపరి నౌకను “మీరు సరేనంటేనే ఎగురుతుంది” అంటూ వారి చేతికి అప్పగించారు. ఆ నౌక ఇప్పుడు దారిలో ఉంది. అది దిగేనాటికి వారి కుర్చీలో మరొకరుంటారు. నిజం చెప్పాలంటే, మాకు దడగానే ఉంది.

ఆ దడను మాకు వదిలేసి, శుభ్రమ్మగారు కంటినిండా నిద్రతో, ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లాలనీ, ఎక్కడైనా నిజంగా ప్రాణం కనబడిన రోజున మేము చేసే తొలి ఫోను వారే ఎత్తాలనీ మనసారా కోరుకుంటున్నాం.