ఏటి నీళ్ళు

ఓఫిన్ నది ఒడ్డున ఒక పల్లె. తుంటి ఎముక విరిగి ఏడాదిగా మంచం దిగని అమ్మమ్మ. సొరకాయ బుర్రలో నీళ్ళు తెచ్చిన మనవరాలు అకువా. తెల్లవారితే అకువా అక్క కూతురికి పేరు పెట్టే రోజు.

“ఇవి ఏటి నీళ్ళు కావే.”

“ఏటివే అమ్మమ్మా.”

“ఏ ఏటివి?”

“మన ఓఫిన్‌వే. మనకింకో ఏరుందా ఏంటి?”

“ప్లాస్టిక్ కంపు కొడుతున్నాయి. సంతలో అమ్మే ప్యాకెట్ కొరికి ఇందులో పోశావు. అవునా, కాదా?”

“బుర్ర కంపేమో.”

“అకువా.”

“ఆఁ.”

“ఇటు చూడు. రేపు ఆ పసిదాని నాలిక మీద నీళ్ళ చుక్క రాసి, ‘నీళ్ళని నీళ్ళే అను’ అని చెప్పాలి. తర్వాత సారా చుక్క రాసి, ‘సారాని సారాయే అను’ అనాలి. మీ బావ ఆ పెద్దరికం నాకిచ్చాడు. జన్మంతా అబద్ధమాడకూడదనే కదే ఇదంతా! మొదటి చుక్కే దొంగదైతే ఎలా?”

“చెప్పేది నువ్వేగా. ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలుస్తుంది. మనింట్లో పుట్టిన ప్రతి పిల్లకీ ఏటి నీళ్ళే. నీకూ అంతే. పో, బుర్ర కడుక్కుని ఏటికి పో.”

“ఇవాళ ఏటికి పోకూడదు కదా.”

“పోకూడనిది మంగళవారం, ఏరు సేదతీరే రోజు. ఇవాళ గురువారం. నాకే నేర్పుతున్నావా?”

“వానొచ్చేలా ఉంది.”

“రానీ.”

“కాలు నొప్పి.”

“పొద్దున వాకిట్లో గెంతుతున్నప్పుడు లేదా నొప్పి? నీకు అసలు ఏరంటే లెక్క లేదు. బడిలో ఏం చెప్పారు దాని గురించి, చెప్పు.”

“మాంపాంగ్ కొండల్లో పుట్టింది. డుంక్వా దాటాక ప్రా నదిలో కలుస్తుంది. ప్రా పోయి సముద్రంలో కలుస్తుంది.”

“అంతేనా?”

“పరీక్షకి అంతే.”

“ఈ ఒడ్డునే డెంచిరా రాజులు ఏలారని చెప్పలేదా?”

“చెప్పారు. ఓడిపోయారని కూడా చెప్పారు.”

“అదొక్కటీ గుర్తుంటుంది నీకు. వాన వెలిశాక మా అమ్మ చెక్క పళ్ళెంలో ఇసక కడిగేది. ఏరు ఎంత బంగారు రజను ఇస్తే అంతే. ఇవ్వకపోతే ఇంటికొచ్చేసేది. తర్వాత తెల్లవాళ్ళు ఇనప పడవ దింపి అడుగంతా తోడారు. ఏరు ఎర్రబడిపోయింది. అయినా వాళ్ళు పోయాక మళ్ళీ తేటపడింది. నడుం లోతులో నిలబడితే నా కాలిగోళ్ళు నాకు కనిపించేవి. ఏంటే, తల తిప్పుకున్నావు?”

“ఏం లేదు.”

“ఆ చప్పుడేంటి?”

“రోడ్డు వేస్తున్నారని చెప్పాగా.”

“నేను మంచాన పడ్డప్పటినుంచీ వేస్తూనే ఉన్నారు. ఒక్క బండి పోయిన పాపాన పోలేదు! మొన్న మంగళవారం కూడా ఏటి వైపునుంచే వినిపించింది. మీ బావ ఏం పని చేస్తున్నాడన్నావు?”

“రోడ్డు పని.”

“అకువా.”

“అమ్మ చెప్పొద్దంది.”

“మీ అమ్మతో నేను చెప్పుకుంటాను. చెప్పు.”

“తవ్వుతున్నారమ్మమ్మా. ఏట్లోకే యంత్రాలు దింపారు. బావ ఒక్కడే కాదు, ఊళ్ళో సగం మంది అక్కడే. మన కోకో తోట కూడా…”

“తోట?”

“గోతులు.”

“ఏరెలా ఉంది?”

“బురద. చెయ్యి పెడితే చెయ్యి కనిపించదు.”

“చేపలు?”

“లేవు. మేకలు కూడా ముట్టట్లేదు. బంగారం కోసం పాదరసం పోస్తారట. ఆ నీళ్ళు చుక్క కూడా పిల్లకి తగలనివ్వొద్దని ఆసుపత్రి నర్సు అక్కకి గట్టిగా చెప్పింది. అందుకే ప్యాకెట్ తెచ్చాను. నీకు అబద్ధం చెప్పాలని కాదు.”

“యంత్రాలు పోతే తేటపడుతుందిలే. అప్పుడూ పడింది.”

“తేటపడటానికి పారాలి కదమ్మమ్మా. పారట్లేదు. మట్టికుప్పల మధ్య గుంటల్లో నిలిచిపోయింది. పడవ రేవులో పిల్లలు నడిచి అవతలికి పోతున్నారు. మాస్టారు పటంలో నీలంగీత చూపించి ‘ఇది ఓఫిన్’ అంటే క్లాసంతా కిటికీలోంచి చూసి నవ్వింది.”

“నువ్వూ నవ్వావా?”

“నవ్వాను.”

“ఊఁ.”

“అమ్మమ్మా, ఏడవకు.”

“ఏడవట్లేదు. ఆ ప్యాకెట్ నీళ్ళే ఉంచు.”

“నిజంగానా?”

“ప్యాకెట్‌వి అనే చెప్తాను పిల్లకి.”

“అక్క ఊపిరి పీల్చుకుంటుంది. పేరు కూడా అడిగి రమ్మంది. మీ అమ్మ పేరేనా?”

“కాదు. మనింట్లో ఆఖర్న పోయినవాళ్ళ పేరే కదే పెట్టేది. ఓఫిన్ అని పెట్టమను.”