బల్ల పాలిష్

చేపలమ్మే ఆవిడ కాళ్లరిగేలా తిరిగి, మూడోసారి మానవ హక్కుల ఆఫీసు గుమాస్తా ముందు నిలబడింది.

"మళ్లీ వచ్చావా తల్లీ? ఫ్యాక్టరీ నీళ్లకి వాగులో చేపలు చస్తే మేమేం చేస్తాం? ఇది మనుషుల హక్కుల ఆఫీసు!"

"ఆ వాగు నీళ్లే మేమూ తాగుతున్నాం బాబూ. మేం మనుషులమేగా?"

"మనుషులే, కాదనను. అంతర్జాతీయ ఒప్పందంలో ఉన్నది జీవించే హక్కు. మీరింకా బతికే ఉన్నారాయె!"

"అయితే చచ్చాక రమ్మంటారా?"

"రావచ్చు. కాకపోతే అర్జీ మీద సంతకం నువ్వే పెట్టాలి."

ఆవిడ సంచిలోంచి వాగు నీళ్ల సీసా తీసి బల్ల మీద పెట్టబోయింది.

గుమాస్తా ఉలిక్కిపడి లేచాడు. "అయ్యయ్యో, అక్కడ పెట్టకు! చుక్క పడిందంటే పాలిష్ లేచిపోతుంది!"

"ఆ ముక్కే రాసి సంతకం పెట్టండి బాబూ. దాని కింద, ఇవి మా పిల్లల మంచినీళ్లని నేను రాసుకుంటా."