మూడు దినాలు నీళ్ళు ముట్టని మొనగాడు

సుజాతమ్మ పెట్టిన చెంబెడు నీళ్ళు నాగేశ్ ముందర అట్లే ఉన్నాయి. పోయిన వారం జంగమకోటెలోని ఈమె టీ అంగట్లోనే, ఇదే బెంచీ మీద, నడుము పట్టుకుని మెలికలు తిరిగినవాడు. కిడ్నీలో రాయి ఉందన్నాడు చింతామణి టౌను డాక్టరు. రోజుకు మూడు లీటర్ల నీళ్ళు తాగు, ఉప్పు తగ్గించు, ఒంటికి వస్తే బిగబట్టొద్దు, గురువారం స్కానింగుకు రా అన్నాడు. ఆ గురువారం రేపే. నాగేశ్ పట్టుగూళ్ళు మార్కెట్టుకు పోయేదీ రేపే. రాశి పోసినాక రైతు లేచిపోతే పిడికెడు పిడికెడు ఎత్తుకుపోయేవాళ్ళకు కొదవ లేదు. అందుకే గూళ్ళు అమ్మేవాడు ఒంటికి లేచే పని పడకుండా ముందురోజే నీళ్ళు మానేస్తాడు. నాగేశ్ నీళ్ళూ మానేశాడు, స్కానింగూ మానేసేటట్టు ఉన్నాడు.

పక్కనే అతని మేనమామ మునిశామప్ప మీసం దువ్వుతున్నాడు. సుజాతమ్మకు ఒళ్ళు మండుతోంది.

"మూడు లీటర్లా! నువ్వేమన్నా ఎనుమువా?" అన్నాడు మునిశామప్ప. "నాకూ వచ్చింది రాయి. రెండువేల మూడు కరువులో. నీ మాదిరే గూళ్ళేసుకుని మార్కెట్టుకు పోయినా. పొద్దున కూర్చున్నోణ్ణి సందేల దాకా గుక్కెడు ముట్టలా. నడుములో సురుక్కుమనింది. ఎవురురా అది అన్నా. నేనప్పా, రాయిని అనింది. హరాజులో వేలం పాట అయ్యేదాకా కదిలితే చూసుకో అన్నా. గమ్మునైపోయింది."

ఎదురు బెంచీ మీద బీడీ ముట్టించుకుంటున్న బయ్యప్ప ఆగాడు. "తెలుగులో మాట్లాడిందా, కన్నడంలోనా?"

"మార్కెట్టులో కన్నడమే. ఇంటికొచ్చినాకనే తెలుగు. నడాన అడ్డం రావద్దప్పా! ఆ పొద్దు రేటు రాలా. రెండో దినమూ రాలా. నేను లేస్తానా? చుట్టూరా రైతులు ఒకరొకరే లేచి పోతాండారు, నేను మాత్రం నాటిన బండ మాదిరి ఉండా. లోపల శెనగ్గింజంత ఉండేది నిమ్మకాయంత అయ్యె, నిమ్మకాయంతది టెంకాయంత అయ్యె. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? మూడో దినం లేచినా. వెనక గోడ కాడికి పోయినా. పంచె సర్దుకునేలోగా వచ్చింది చూడూ వరద! కాలవ నిండె, రోడ్డెక్కె, బెంగుళూరు బస్సు నిలిచిపోయె, ఏడేండ్లు ఎండిన చెరువు నిండి మరవ పారె!"

"మా చేను కూడా తడిసిందిలే," అన్నాడు బయ్యప్ప.

"తడవకుండా యాడికి పోతాది? ఆ ఊపుకు రాయి తుపాకి గుండు మాదిరి గోడ చీల్చుకుని పోయి నా గూళ్ళ రాశి మీదనే పడె. తెల్లగా, నున్నగా మెరుస్తాండాది. గూళ్ళు కొనే రీలర్లు మూగిరి. ఇది యా జాతి గూడప్పా అని పోటీ పడి పాడిరి. పాడుకున్నోడు దాంట్లో దారం తీస్తే ఎనిమిది చీరలు వచ్చినాయంట!"

అంగడంతా నవ్వింది. నాగేశ్ నవ్వలేదు. చెంబును ఒక వేలితో ఇంకా అవతలికి నెట్టాడు.

"మామ మూడు దినాలు ఉంటే, నేను ఒక దినం ఉండలేనా?"

సుజాతమ్మ చేతిలోని గరిటె పొయ్యి మీద ఠంగుమంది.

"మునిశామప్పా, ఒక్క మాట చెప్పు. మూడు దినాలు గుక్కెడు తాగలేదంటివి. చెరువు నిండే వరద యాడ నుంచి వచ్చె?"

మునిశామప్ప మీసం ఇంకో పక్కకు దువ్వాడు. "లోపల బోరు ఏసుకుంటి. వెయ్యి అడుగులు."

"బోరు సంగతి నాకు చెప్తావా? ఈ సీమలో నీళ్ళు తగ్గేకొద్దీ బోర్లో ఏమొస్తాదప్పా? ఉప్పు! మీ ఇంట్లో నీళ్ళు కాచే కాగు అడుగు చూడుపో, తెల్లగా పెచ్చు కట్టుంటాది. తాగని ఒంట్లోనూ అట్లే కడతాది. నీళ్ళుంటే కొట్టుకుపోతాది, లేకుంటే పేరుకుంటాది. పన్నెండేండ్లు దారం తీసే రీలింగు కాడ, గూళ్ళు ఉడికే నీళ్ళ ముందర కూర్చుని నేనూ నీళ్ళు మానేస్తి. మొగోళ్ళకు గోడన్నా ఉండె, మాకు మరుగెక్కడిది? నడుము కోసి తీసినారు నా రాయిని. దాన్ని ఎవురూ పాడుకోలేదు."

నవ్వులు ఆగిపోయాయి. మునిశామప్ప మాత్రం తల వంచలేదు.

"ఎవురేమన్నా అనుకోండి. నేను కూర్చునింది నిజం. ఇప్పుడు కూర్చోమన్నా కూర్చుంటా. నన్ను లేపే మొగోడు ఈ తాలూకాలో లేడు!"

నాగేశ్ సుజాతమ్మ వైపు చూశాడు. తర్వాత మామ వైపు తిరిగాడు.

"అట్లయితే రేపు నా గూళ్ళ కాడ నువ్వు కూర్చో మామా. నేను స్కానింగుకు పోతా."

అని చెంబెత్తి, దించకుండా తాగేశాడు.

"భలే! మూడు దినాల మొనగాడికి ఒక పూట ఎంత?" అన్నాడు బయ్యప్ప తొడ చరిచి.

మునిశామప్ప అందరి ముఖాలూ చూశాడు. ఒక్కరూ అతని వైపు లేరు. మీసం మీది చెయ్యి మెల్లగా దిగింది.

"కూర్చుంటాలేప్పా. నాకేం భయమా?" అన్నాడు గట్టిగానే. తర్వాత సుజాతమ్మకు వినబడకుండా మేనల్లుడి చెవి దగ్గరికి వంగాడు. "పెద్ద బాటిలు నీళ్ళు మాత్రం పెట్టిపో. ఈ బయ్యప్పనూ పక్కన కూర్చోబెట్టు. గంటకొకసారి ఒంటికి లేవాల నేను."