పసుపు పెట్టిన గ్లౌజులు

సభకు అధ్యక్షత వహిస్తున్న మా ప్రిన్సిపాల్ సీతారత్నం గారికి, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ నడుపుతూ మా కళాశాల కమిటీలో పెద్దదిక్కుగా ఉన్న ముఖ్య అతిథి ధనరాజు గారికి, తోటి అధ్యాపక మిత్రులకు, ఉక్కపోతలో కూడా కదలకుండా కూర్చున్న విద్యార్థులకు, మూడో వరసలో చివరి కుర్చీలో కూర్చుని ఎవరు రమ్మన్నా ముందుకు రాని పైడితల్లి గారికి, ఆమె పక్కనున్న ఆమె కూతురు, నా పాత విద్యార్థిని అశ్వినికి నమస్కారాలు.

నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు నన్ను చాలా పొగిడారు. సగం నిజం కాదు, మిగతా సగం మా ఆవిడ ఒప్పుకోదు. (నవ్వులు) పదవీ విరమణ చేస్తున్నారు కదా, బెంగగా లేదా అని పొద్దుటినుంచి అందరూ అడుగుతున్నారు. ఉన్నమాట చెబుతున్నాను, లేదు. హాయిగా ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళు కామర్సు చెప్పాను, అందులో పధ్నాలుగేళ్ళు 'వ్యాపార నీతి' అనే పేపరు చెప్పాను, ఆ పేపరు ఇక జన్మలో చెప్పనక్కరలేదు అనుకుంటే ఒళ్ళు తేలికైపోతోంది. సీతారత్నం గారు నవ్వుతున్నారు, ఆవిడే దాన్ని ప్రతి ఏడూ మధ్యాహ్నం భోజనాల తరవాతి పీరియడులో వేసేవారు. నీతికి, నిద్రకి మనదేశంలో ఒకటే టైము. (నవ్వులు)

ఆ పేపరులో చెప్పేది పెద్ద బ్రహ్మవిద్య కాదు. పని మంచిదా చెడ్డదా అన్నది దానివల్ల ఎందరికి మేలు జరిగిందో చూసి తేల్చాలని కొందరు పెద్దలు అన్నారు. ఫలితంతో నిమిత్తం లేదు, చెయ్యవలసినది చెయ్యి, ఏ మనిషినీ నీ పనికి పనిముట్టుగా వాడుకోకు అని మరికొందరు అన్నారు. బస్తా అడుగున పుచ్చు జీడిపిక్కలు పోసి పైన మంచి పిక్కలు పరిచేవాడిని ఉదాహరణగా చెప్పేవాణ్ణి. వెనక బెంచీల్లో పిక్కల వ్యాపారుల పిల్లలు తలలు వంచుకునేవారు. నాకు భలే సరదాగా ఉండేది. పదకొండేళ్ళ కిందట ఒక బుధవారం దాకా.

ఆ బుధవారం ధనరాజు గారి ఫ్యాక్టరీకి ముంబై నుంచి తనిఖీకి ఒక అబ్బాయి వచ్చాడు. పప్పు కొనే పెద్ద కంపెనీ పంపింది. పనివాళ్ళ చేతులకు రక్షణ ఉంటేనే కొంటాం అన్నారు. మన ఊళ్ళో తెలియనిది కాదు కదా, పిక్క కొడితే తొక్కలోంచి వచ్చే జీడి చేతులు కాల్చేస్తుంది, ఆడవాళ్ళు బూడిద రాసుకుని కొడతారు. ఆ అబ్బాయికి తెలుగు రాదు. ఇంగ్లీషులో చెప్పడానికి మాస్టారు కావాలని ధనరాజు గారు నన్ను పిలిచారు. నీతి చెప్పే మాస్టారైతే మరీ మంచిది అన్నారు. (ధనరాజు గారు తల ఊపారు)

ఆ పొద్దున్నే షెడ్డులో అందరికీ తెల్లటి కొత్త గ్లౌజులు పంచారు. అక్కడే పొరపాటు జరిగింది, మనవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు. కొత్త బట్ట ఏదైనా పసుపు పెట్టకుండా మన ఆడవాళ్ళు ఒంటిమీద వేసుకుంటారా? గ్లౌజులకీ పెట్టారు. వరసగా నాలుగు వందల చేతులు, ప్రతి గ్లౌజు అంచునా ఒక పసుపు చుక్క. ఆ అబ్బాయి అక్కడ పిక్కలు కొడుతున్న పైడితల్లి గారి పీట దగ్గర ఆగి, ఈ పసుపు ఏమిటని అడిగాడు. నేను తెలుగులో అడిగాను. ఆమె చెప్పిన మాట ఉన్నదున్నట్టు చెబుతాను. "కొత్తయి కదా బాబూ, పసుపెట్టకుండా ఎలాగ తొడుక్కుంతాం? ఈ పొద్దే ఇచ్చినారు. సాయంత్రం మల్లీ లాగేసుకుంతారట. సేతులు సూడమను, పదేళ్ళనించీ ఇలాగే కాలిపోతన్నాయి."

నేను ఆ అబ్బాయికేసి తిరిగి ఇంగ్లీషులో ఏం చెప్పానంటే, పసుపు క్రిములను చంపుతుంది, ఈ ఆడవాళ్ళు రోజూ గ్లౌజులు తొడుక్కునేముందు పసుపు రాస్తారు, ఇది మా ప్రాంతపు ఆరోగ్య సంప్రదాయం అన్నాను. (నవ్వులు) నవ్వండి, ఆ అబ్బాయి కూడా నవ్వాడు. తెగ ముచ్చటపడిపోయి, ఫొటో తీసుకుని, అందరూ పాటించదగిన మంచి పద్ధతి అని రాసుకున్నాడు. సాయంత్రం గ్లౌజులు వెనక్కి తీసేసుకున్నారు.

మర్నాడు క్లాసులో నిజాయితీ మీద పాఠం. అశ్విని అప్పుడు డిగ్రీ చివరి ఏడు. లేచి నిలబడింది. "సార్, మా అమ్మ ఏటన్నాది? మీరు ఏటి సెప్పినారు?" అంది. అరవై మంది చూస్తున్నారు. నేను, అమ్మా, అది సిలబస్‌లో లేదు, కూర్చో అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్ల కూర్చోలేదు, పుస్తకాలు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆ ఏడాది మళ్ళీ నా క్లాసుకు రాలేదు. అయినా ఆ పేపరులో మొదటి మార్కు ఆమెదే, అది వేరే సంగతి.

సమాధానాలు నా దగ్గర లేక కాదు. ఆ కంపెనీ వెళ్ళిపోతే రెండు వందల మంది ఆడవాళ్ళు ఏమైపోయేవారు, ఎక్కువమందికి మేలే కదా చేశాను అని నాకు నేను చెప్పుకున్నాను. నా నోట్సులోంచే తీసి చెప్పుకున్నాను. చదువుకున్నవాడికి ఇదొక సౌకర్యం, తప్పు చేశాక దానికి తగ్గ సిద్ధాంతం ఇంట్లోనే దొరుకుతుంది. కానీ నేను ఎవరికి మేలు చేశానంటున్నానో ఆమే తన బాధ చెప్పుకుంటే, ఆ మాటనే మార్చేశాను. దానికి మాత్రం ఏ పుస్తకంలోనూ సాకు దొరకలేదు. సిగ్గుపడ్డాను. ఇప్పటికీ పడుతున్నాను.

రిటైర్మెంటు దగ్గర పడ్డాక ముంబై కంపెనీకి జరిగింది రాసి పంపాను. పదకొండేళ్ళ కిందటి ఫైలు మా దగ్గర లేదు, మీ ఆసక్తికి ధన్యవాదాలు అని జవాబు వచ్చింది. (నవ్వులు) పోయిన నెల ఆటో కట్టించుకుని పూండి అవతల పైడితల్లి గారి ఊరు వెళ్ళాను. అరుగు మీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీరుతున్నారు. తప్పు చేశానమ్మా అన్నాను. ఆమె చీరడం ఆపలేదు. "నాకప్పుడే తెలుసు బాబూ. సేతులు కాలిపోతన్నాయని నాను సెప్తే, ఆ బాబు నవ్వినాడు. నిజం సెప్పుంటే ఎందుకు నవ్వుతాడు?" అన్నారు.

నా వీడ్కోలు సభలో అందరిముందూ మీరు ఆ రోజు ఏమన్నారో చెబుతాను, ఇప్పుడేం చెప్పమంటే అదీ చెబుతాను అన్నాను. ఆమె ఈనెల కట్ట పక్కన పెట్టి, "మల్లీ నువ్వే సెప్తావేటి? నాకు నోరు లేదేటి?" అన్నారు. ఇప్పుడు గ్లౌజులు రోజూ ఇస్తున్నారట, కానీ మగవాళ్ళ సైజువట, పిక్క జారిపోతుంటే తీసేసి మళ్ళీ బూడిదే రాసుకుంటున్నారట. ఆ సంగతి ధనరాజు గారికి తనే చెప్పుకోవాలట.

అక్కణ్ణించి నేరుగా ధనరాజు గారింటికి వెళ్ళి, సభలో ఆమె మాట్లాడతారని చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది, దాచడం ఎందుకు. "ఆ రోజు గట్టెక్కించి ఇప్పుడు ముంచుతారా మాస్టారూ?" అన్నారు. మూడు వారాలు ఫోను తియ్యలేదు. మొన్న ఆయనే చేశారు. "సెప్పనీండి. వింటాను," అన్నారు. ఇవాళ రాకుండా ఉండడానికి ఆయనకు వంద పనులు ఉన్నాయి, అయినా వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆయనకు నేను చాలా రుణపడి ఉన్నాను. ఆ ఫోను వచ్చిన రాత్రి కడుపునిండా తిని పడుకున్నాను.

నన్ను ఇన్నేళ్ళు భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఈ శాలువా, జ్ఞాపిక, ఇంత ప్రేమ, అన్నీ తీసుకుంటాను, మొహమాటపడను. అమ్మా అశ్వినీ, మీ అమ్మగారి చెయ్యి పట్టుకుని మెట్లెక్కించు. పైడితల్లి గారూ, మైకు ఇదిగో. ధనరాజు గారు ఇక్కడే ఉన్నారు, ఆయనకు తెలుగు వచ్చు. మధ్యలో నేను ఉండను. సెలవు.