షాహీన్‌ను తోల్కపోయి కొన్న ఇల్లు

"అమ్మమ్మా, కొత్త ఫ్లాటే కద, బిల్డరే అమ్ముతుండు. మధ్యల మళ్ల ఏజెంటు ఎందుకంటుండు మా ఆయన. నువ్వేమంటవ్?"

ఎందుకంటే... జర కూసో, చెప్త. మెల్లగ మాట్లాడుకుందాం, మీ తాత లోపట పండుకున్నడు. మీ ఆయన మంచోడే, నేను కాదంటలేను. గని మేం ఈ ఫిలింనగర్ల ఇల్లు కొన్నప్పుడు ఏమైందో నీకు తెల్వదు. నువ్వప్పుడు హాస్టల్ల ఉన్నవ్. కాదు కాదు, మీ అమ్మకు ఆపరేషనైన యాడాది కద అది, నువ్వు ఇంటికాడనే ఉన్నవ్. ఏదో ఒకటి.

మీ తాత సినిమా సెట్లల్ల వడ్ల పని, అదే వడ్రంగం, చేస్తుండె. రాజమహల్ కావాలన్నా, పూరిగుడిసె కావాలన్నా ఆయన చెయ్యి పడాలె. నేనేమో కాస్ట్యూములు కుట్టేదాన్ని. గట్లనే కలిసినం మేం, అది వేరే ముచ్చట. ఓసారి సెట్టు మీదికెల్లి పడ్డడు. నడుము పోయింది, కాళ్లు పోయినయ్. అప్పటిసంది చక్రాల కుర్చీనే.

మేముండేది యూసుఫ్‌గూడల, కిరాయి ఇల్లు, మీది అంతస్తు. దవఖానకు పోవాలంటే ఇద్దరు మొగోళ్లు ఎత్తుకొని మెట్లు దించాలె. ఎత్తుకున్నంత సేపు ఆయన కండ్లు మూసుకునేటోడు. బాత్రూం తలుపు సన్నగుండె, కుర్చీ పట్టకపోతుండె. నేనే సంకల చేతులు పెట్టి లోపటికి గుంజేదాన్ని, నేనే పక్కన నిలబడేదాన్ని. ఆయన మొకం గోడ దిక్కు తిప్పుకునేటోడు.

అంతల్నే ఓనరు ఆ ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంటు కడ్తనన్నడు, ఖాళీ చెయ్యమన్నడు. ఇగ కిరాయి ఇండ్లు వద్దు, మనదే ఒకటి కొందామనుకున్న. పుట్టింటి పొలంల నా వంతు అమ్మిన. కొత్తగ కట్టినదైతే లిఫ్టుంటది, తలుపులు పెద్దగుంటయని ఆశ. మేమొచ్చిన కొత్తల ఈడ ఏముండె? బండలు, తుమ్మచెట్లు. జూబ్లీహిల్స్ల ప్లాటు తీస్కొమ్మని ఎవలో వెంటపడితే మేం నవ్వినం. ఓ పెద్ద సినిమాకు కుట్టిన కూలితోని జాగ వస్తుండె అప్పుడు. ఇప్పుడు ఆ పైసలకు కిటికీ గూడ రాదు. సరే, పోనియ్.

షాహీన్ అని టోలిచౌకి ఆమె. ఇండ్ల ఏజెంటు. యూసుఫ్‌గూడల మాకు ఇల్లు చూపిచ్చింది గూడ ఆమెనే. స్కూటీ మీద తిరుగుతది, తెలుగు మన లెక్కనే మాట్లాడ్తది. ఆమెను పిలిచిన. మొట్టమొదలే చెప్పింది, "అక్కా, కొత్త బిల్డింగుల నా కమీషన్ బిల్డరే ఇస్తడు. ఈ సంగతి నీకు తెల్సుండాలె. గని నేనొచ్చేది నీ తరపున. ఆఫీసుల కూసున్నోళ్లు ఎంత మంచిగ మాట్లాడినా వాళ్లు బిల్డరు మనుషులే." ఆ మాటకే నాకు ధైర్యమొచ్చింది.

ఈ బిల్డింగు సైటు కాడ మేనేజరు ఒకాయన, కోస్తా దిక్కు మనిషి, మస్తు మర్యాద. ముందుగాల మోడల్ ఫ్లాటు చూపిచ్చిండు. పరదాలు, పూలకుండీలు, అచ్చం సెట్టు లెక్కనే. నేను మురిసిపోయిన. షాహీన్ మెల్లగ, "ఇది చూడనీకి బాగుంది సార్. అక్కకు ఇచ్చేది చూపియ్యుండ్రి" అన్నది.

ఆ ఫ్లాటు రెండో అంతస్తుల. "భయ్యా కుర్చీ తెప్పియ్ అక్కా" అన్నది నాతోని, మీ తాతను భయ్యా అంటది. ఖాళీ కుర్చీ ఆటోల తెప్పిచ్చినం. షాహీన్ తనే దాంట్ల కూసొని, చక్రాలు తిప్పుకుంట గేటు కాడికెల్లి బయల్దేరింది. లిఫ్టు ముంగట మెట్లున్నయ్. ఆగిపోయింది. లేచి, కుర్చీని మెట్ల మీదికి ఎక్కిచ్చి, మళ్ల కూసున్నది. పైన హాల్ల మంచిగనే తిరిగింది. బాత్రూం తలుపు కాడ ఇర్కింది. చేతులు గీరుకపోయినయ్ ఆమెకు. నాకైతే పాణం ఉసూరుమన్నది. కొత్తింట్ల గూడ మళ్ల గిదేనా అని.

"ర్యాంపు తర్వాత వేయిస్తామండీ, రిజిస్ట్రేషన్ అవనివ్వండి" అన్నడు మేనేజరు.

"ముందే వేయించుండ్రి సార్. ఆ తలుపు గూడ పెద్దగ చెయ్యాలె. అగ్రిమెంట్ల రాస్తేనే అక్క సంతకం పెడ్తది."

"మా దగ్గర కమీషన్ తీసుకుంటూ మాతోనే పోట్లాడతారేంటండీ?"

"మీరిచ్చేది ఇల్లు అమ్మిపెట్టినందుకు సార్. అక్కకు సంగతి చెప్పకుంట ఉన్నందుకు కాదు."

తెల్లారి ఆయన నాకొక్కదానికే ఫోన్ చేసిండు. "అమ్మగారూ, ఆవిడ్ని పక్కన పెట్టి నేరుగా మీరే రండి. వంటింట్లో కప్‌బోర్డులన్నీ ఫ్రీగా చేయించి ఇస్తాం." పక్కన మీ తాత విన్నడు. "తీస్కో. నా కోసం గోడలు పగలగొట్టిస్తవా?" అన్నడు. "నీ కోసం కాకపోతే ఎవల కోసం కొంటున్న?" అన్న. ఫోన్ల చెప్పిన, "కప్‌బోర్డులు వద్దు సార్, తలుపు కావాలె. షాహీన్ లేకుంట నేను రాను." "వేరే పార్టీ రెడీగా ఉందండీ" అన్నడు. "ఇచ్చుకోండ్రి" అని పెట్టేసిన.

పెట్టేసిన గని బిడ్డా, దినాం ఓనరు వచ్చి ఖాళీ ఎప్పుడు చేస్తరని అడుగుతుండె. మీ తాత నాతోని మాట్లాడుడు బంద్ చేసిండు. షాహీన్ మాత్రం తిరుగుతనే ఉన్నది. వెంగళరావు నగర్ల ఒకటి చూపిచ్చింది. నేను అలిసిపోయి సరే అనవోతే ఆమెనే వద్దన్నది. "కరెంటు పోతే లిఫ్టుకు జనరేటర్ లేదక్కా. భయ్యా ఇర్కపోతడు." అది అమ్మితే ఆమెకే కద పైసలొచ్చేది, చూడు.

ఆఖరికి ఆ మేనేజరే షాహీన్‌కు ఫోన్ చేసిండు. వేరే పార్టీ ఉండెనో లేకుండెనో. ర్యాంపు వేస్తం, తలుపు పెద్దగ చేస్తం, రాసిస్తం అన్నడు. గోడ కొట్టే దినం షాహీన్ మీ తాతను గూడ సైటుకు తోల్కపోయింది. కుర్చీల కూసొనే మేస్త్రీకి చెప్పిండు, తలుపు చౌకట్ ఈడ పెట్టు, ఇంకింత జరుపు అని. ఎన్నేండ్లకో ఆయన గొంతు గట్ల లేచింది.

ఇంట్ల దిగిన తెల్లారి, తనంతట తనే చక్రాలు తిప్పుకుంట బాత్రూంలకు పోయిండు. తలుపేసుకున్నడు. గడియ పెట్టుకున్న సప్పుడైంది. నేను బయట నిలబడ్డ. నాకేం పని లేదు. ఏం చెయ్యాల్నో తెల్వక షాహీన్‌కు ఫోన్ కలిపిన. "ఏందక్కా?" అన్నది. "మీ భయ్యా గడియ పెట్టుకున్నడు" అన్న.

అందుకని చెప్తున్న. ఏజెంట్లందరు గట్ల ఉండరు, మీ ఆయన భయం గూడ నిజమే. కమీషన్ ఎవలిస్తరని మొదాలే అడుగు, సక్కగ చెప్పేటోళ్లనే వెంట పెట్టుకో. ఎవలు తొందరపెట్టినా లేచి బయటికి రా. ఐతారం పోతున్నరా సైటుకు? నేను గూడ వస్త, షాహీన్‌కు చెప్త. మీ ఇంట్ల మీరిద్దరు చల్లగ ఉండాలె బిడ్డా, ఎవలికి తలొంచకుంట... ఇంతకు ఏ అంతస్తు అన్నవ్?